గట్టిమేళం మోగే క్షణం: రోలర్ కోస్టర్ ఎక్కడం, ఫోటో తీయడం

రోలర్ కోస్టర్‌ను ఫోటో తీయాలని ఉంటే ముందు కెమెరాను లాకర్లో పెట్టి ఒకసారి ఎక్కి రండి. కళ్ళు మూసుకోకుండా, లోలోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఎక్కి రండి. దిగాక ఆ లెక్క మీ దగ్గర ఉంటుంది. కింద నిలబడి ఫోటో తీసేటప్పుడు ఖరీదైన లెన్స్ కంటే ఆ లెక్కే ఎక్కువ అక్కరకు వస్తుంది.

మాది కావలి. నాన్న పెట్టిన ఫోటో స్టూడియోను పద్నాలుగేళ్ళుగా నేను నడుపుతున్నాను. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. తాళి కట్టే క్షణం కోసం చూస్తూ కూర్చుంటే అది దాటిపోతుంది. చెవి మేళం మీద ఉండాలి. పంతులుగారు చెయ్యి పైకెత్తి సైగ చేయగానే నాదస్వరం, డోలు ఒక్కసారి జోరందుకుంటాయి. గట్టిమేళం మొదలైందంటే వేలు బటన్ మీదకు వెళ్ళిపోవాలి. రోలర్ కోస్టర్‌కు కూడా అలాంటి గట్టిమేళం ఉంది. అది ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది.

నాకు ఈ సంగతి తెలియక ముందు ఒక రోజంతా వృథా అయింది. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఎక్కితే కెమెరా ఎవరికి అప్పగించాలన్న దిగులుతో కింద నుంచే నాలుగు వందల ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూస్తే దాదాపు అన్నింటిలోనూ బండి అడుగు భాగం, చక్రాలు, ఇనుప దూలాలు. మనుషుల ముఖాలు పది ఫోటోల్లో కూడా లేవు. కారణం చాలా చిన్నది. గుండ్రంగా తిరిగే మెలికలో కూర్చున్నవాళ్ళ తలలు ఎప్పుడూ మెలిక లోపలి వైపే ఉంటాయి. నేను బయటి వైపు నిలబడ్డాను. ఒక్కసారి ఎక్కి ఉంటే నా తల ఎటు తిరుగుతోందో నాకే తెలిసేది.

హైదరాబాదు శివార్లలో, రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా అనే వినోద పార్కులో రీకాయిల్ అనే కోస్టర్ ఉంది. ఈ విషయాలన్నీ దాన్ని పట్టుకుని చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువసార్లు ఎక్కింది, తీసింది దాన్నే. మన నెల్లూరు జిల్లా వాళ్ళకు వెళ్ళిరావడం కూడా సులువు. గూడూరులో బయలుదేరే సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రికి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో ఉంటాం. మా అన్నయ్య కుటుంబం హైదరాబాదులోనే ఉంటుంది కాబట్టి నేను స్నానం, టిఫిను అక్కడ చూసుకుని, మేనకోడలిని వెంటబెట్టుకుని వెళతాను. చెన్నై వైపు కూడా 2025 డిసెంబరులో వండర్‌లా తెరిచారు. నెల్లూరు, గూడూరు వాళ్ళకు అది ఇంకా దగ్గర.

రీకాయిల్ బూమరాంగ్ అనే రకానికి చెందినది. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ ఈ నమూనాను 1980లలో మొదలుపెట్టి ప్రపంచమంతటా అమ్మింది. పేరుకు తగ్గట్టే, వెళ్ళిన దారినే వెనక్కి వస్తుంది. ఈ నమూనాలో బండి నడిచే పట్టా పొడవు 285 మీటర్లు, ఎత్తు సుమారు 35 మీటర్లు, వేగం గంటకు 75 కిలోమీటర్ల పైచిలుకు. తలకిందులు చేసే మెలికలు మూడే. ముందుకు మూడు, వెనక్కి మూడు, మొత్తం ఆరుసార్లు తలకిందులవుతాం. ఫోటో తీసేవాళ్ళకు ఇంతకన్నా మంచి కోస్టర్ లేదని నా అభిప్రాయం. ఒకే చోట నిలబడితే ఒకే బండి రెండుసార్లు వస్తుంది. మొదటిసారి తప్పినా రెండోసారి దొరుకుతుంది.

ఇక ఎక్కుదాం. భుజాల మీదుగా దిగే కడ్డీ బిగిసిన తరువాత బండిని ఒక ఇనుప తాడు వెనక్కి లాగుతుంది. మనం వెనక్కి, పైకి వెళుతుంటాం. ముఖాలు మాత్రం నేల వైపు వాలి ఉంటాయి. ఈ భాగం నెమ్మదిగా సాగుతుంది. కింద స్టేషను పైకప్పు, దాని పక్కన వరుసలో నిలబడ్డవాళ్ళు, వాళ్ళ నీడలు చిన్నవవుతుంటాయి. బరువంతా కడ్డీ మీద పడి ఛాతీకి ఆనుతుంది. తాడు లాగుతున్నంతసేపు సన్నటి మోత ఉంటుంది. పైకి చేరాక ఆ మోత ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దమే గట్టిమేళం. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.

నా లెక్కలో మూడుకు బండి స్టేషనులోంచి దూసుకుపోతుంది. అయిదుకు మొదటి తలకిందులు, ఏడుకు రెండోది. పాము పడగలా రెండు వైపులా వంగి ఉండే ఈ జంట మెలికను కోబ్రా రోల్ అంటారు. ఇక్కడే బండి దిశ మారి, వచ్చిన వైపుకు తిరుగుతుంది. తొమ్మిదికి నిలువు మెలిక. పన్నెండుకు మళ్ళీ ఒక ఎత్తైన పట్టా మీదకు పాకుతుంది. ఈసారి ముఖాలు ఆకాశం వైపు ఉంటాయి. అక్కడ గొలుసు పట్టుకుని ఇంకా పైకి లాగి వదిలేస్తుంది. ఇక అంతా వెనక్కి. మీ లెక్క నా లెక్కకు ఒక అంకె అటూఇటూ ఉండవచ్చు, ఎవరి వేగం వాళ్ళది. ముఖ్యం ఏమిటంటే మీ లెక్క మీదై ఉండాలి.

మా మేనకోడలు మొదటిసారి ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అత్తా, ఎప్పుడు తిరగబడుతుందో ముందే చెప్పు, నేను కళ్ళు మూసుకుంటాను" అంది. "మూసుకుంటే మెడ ఇంకా నొప్పి పుడుతుందమ్మా. ఎటు వంగుతోందో కన్ను చూస్తేనే మెడ సిద్ధపడుతుంది. అయిదు అనగానే తల వెనక్కి ఆనించి గట్టిగా ఉంచు" అన్నాను. ఈ రకం కోస్టర్లలో తల భుజాల కడ్డీకి తగులుతుందని చాలామంది అంటారు. నిజమే. ముందుకు వంగి కూర్చున్నవాళ్ళకు ఎక్కువ తగులుతుంది. వీపు, తల వెనుక సీటుకు పూర్తిగా ఆనించి కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. జూకాలు తీసేయండి. కడ్డీకి, చెవికి మధ్య నలిగితే రక్తం వస్తుంది. చున్నీ మెడలో ఉండనే కూడదు, లాకర్లో పెట్టండి. జడను చొక్కా లోపలికి దోపుకోండి. గుండె జబ్బు, మెడ, నడుము నొప్పులు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదని అక్కడ బోర్డు ఉంటుంది. ఆ బోర్డును గౌరవించండి. పిల్లల ఎత్తు కొలిచే గీత దగ్గర వాదించకండి. భుజాల కడ్డీ ఒక ఎత్తున్న శరీరానికి సరిపోయేలా చేసినది, పొట్టి పిల్లలకు అది చోటు తప్పుతుంది.

ఫోను చేతిలో పట్టుకుని ఎక్కుతామని, సెల్ఫీ వీడియో తీస్తామని ఎప్పుడూ అనుకోకండి. గంటకు 75 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండిలోంచి జారిన ఫోను కింద నడిచే మనిషికి రాయితో సమానం.

పొద్దున తినేది తేలిగ్గా ఉండాలి. రెండు ఇడ్లీలు చాలు. నెల్లూరు చేపల పులుసు ముందు రోజు మిగిలిందని పొద్దునే అన్నంలో కలుపుకుని వచ్చిన బంధువు ఒకరు మూడో రైడ్ దగ్గరే కూర్చుండిపోయారు. ఖాళీ కడుపుతో కూడా ఎక్కవద్దు, కళ్ళు తిరుగుతాయి. నీళ్ళు మాత్రం తరచూ తాగుతుండాలి.

ఇప్పుడు కిందకు వద్దాం. పార్కులోకి వెళ్ళగానే కెమెరా తీయాలనిపిస్తుంది, ఆగండి. పొద్దున వరుసలు చిన్నవిగా ఉంటాయి కాబట్టి ఆ సమయం ఎక్కడానికి. నడి మధ్యాహ్నం తెల్లటి ఆకాశం, ముఖాల మీద నల్లటి నీడలు తప్ప ఏమీ దొరకదు. మే నెలలో అయితే సూర్యుడు నడినెత్తి మీదకు వస్తాడు. ఆ వేళ నీటి ఆటలకు వెళ్ళండి, కెమెరాను తప్పనిసరిగా లాకర్లో పెట్టండి. నీటి ఆటల దగ్గర కెమెరా తీయడం నాకు ఇష్టం ఉండదు. తడిబట్టలతో ఉన్న ఆడపిల్లల వైపు లెన్స్ తిరిగితే వాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో ఒక ఆడదానిగా నాకు తెలుసు. సాయంత్రం నాలుగు తరువాత వెలుగు పక్క నుంచి వస్తుంది. పట్టా రంగు, ముఖాల రంగు అప్పుడే తేరుకుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి, పట్టాకు దక్షిణం వైపు దారి ఉంటే మధ్యాహ్నం కూడా పనికొస్తుంది.

ఎక్కడ నిలబడాలి? బండి స్టేషను నుంచి ముందుకు దూకే దిశలో, కోబ్రా రోల్ ఉన్న చివర, జనం నడిచే దారి మీద, కంచెకు ఇవతల. అక్కడి నుంచి ఏమి కనిపిస్తుందో చూడండి. మొదట బండి నెమ్మదిగా పైకి వెళ్ళేటప్పుడు ఇరవై ఎనిమిది మంది ముఖాలు మీ వైపు, కిందకు వాలి ఉంటాయి. జూమ్ లెన్స్ ఉన్నవాళ్ళకు ఇది పెద్ద వరం. తొందర లేదు, ఒక్కొక్క ముఖాన్ని ఎంచుకోవచ్చు. తరువాత బండి మీ మీదకే దూకుతుంది. ఆ ముఖాల్లో భయం ఉంటుంది. మెలికలన్నీ దాటి వెనక్కి వచ్చేటప్పుడు కోబ్రా రోల్‌లోకి వీపులే వస్తాయి, అప్పుడు తీయకండి. అందులోంచి బయటపడి స్టేషను వైపు వెళ్ళిపోయేటప్పుడు, బండి వెనక్కి నడుస్తోంది కాబట్టి, వెళ్ళిపోతూనే అందరూ మళ్ళీ మీ వైపే చూస్తుంటారు. ఈసారి నవ్వుతుంటారు. కొందరు ఏడుస్తూ నవ్వుతుంటారు. ఒకే మనిషి ముఖం, భయంతో ఒకటి, ఒక నిమిషం తరువాత నవ్వుతో ఒకటి. ఈ రెండు ఫోటోల జత కోసమే నేను కావలి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వెళతాను.

ఇప్పుడు కెమెరా అంకెలు. గంటకు 76 కిలోమీటర్లు అంటే సెకనుకు 21 మీటర్లు. షట్టర్ 1/1000 పెడితే, అంటే అది సెకనులో వెయ్యో వంతు సేపే తెరుచుకుంటే, ఆ లోపల బండి రెండు సెంటీమీటర్లు కదులుతుంది. ముఖం కొద్దిగా చెరుగుతుంది. 1/2000 పెడితే ఒక సెంటీమీటరే. సాయంత్రం ఎండలో ఐఎస్ఓ (వెలుగును కెమెరా అందుకునే చురుకు) 400, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 5.6 దగ్గర 1/1600 సులభంగా వస్తుంది, నేను సాధారణంగా దాని మీదే ఉంటాను. నిలువు మెలిక శిఖరం దగ్గర బండి నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ 1/500 కూడా సరిపోతుంది. ఫోకస్‌ను కెమెరాకు వదిలేస్తే అది వెనుక ఉన్న చెట్టునో, స్తంభాన్నో పట్టుకుంటుంది. బండి రాబోయే చోట పట్టా మీద ముందే ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి కదపకుండా ఉంచండి. ఫోనుతో తీసేవాళ్ళు తెర మీద పట్టా ఉన్న చోట వేలు పెట్టి, తాళం గుర్తు కనిపించేదాకా నొక్కి ఉంచండి. బర్స్ట్‌లో, అంటే బటన్ నొక్కి ఉంచితే వరుసగా ఫోటోలు పడే పద్ధతిలో తీయండి. కానీ లెక్క ప్రకారం ఒక అంకె ముందు మొదలుపెట్టి ఒక అంకె తరువాత ఆపండి. మొత్తం తీస్తూ పోతే సరిగ్గా కావలసిన క్షణంలోనే కెమెరా నిండిపోయి ఆగిపోతుంది.

అన్నీ గడ్డకట్టినట్టు ఉంటే వేగం కనిపించదు. కొన్ని ఫోటోల్లో బండి స్పష్టంగా, వెనుక లోకం గీతలు గీతలుగా ఉండాలి. దానికి షట్టర్ 1/60 పెట్టి బండితో పాటే కెమెరాను తిప్పాలి. నేను ఈ పని నేర్చుకున్నది నేలపట్టు పక్షుల కేంద్రంలో, గూడబాతుల దగ్గర. నేలపట్టు అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. గూడబాతు బరువైన పక్షి. చెట్టు మీదకు దిగే ముందు రెక్కలు చాచి ఒకే తీరుగా జారుతూ వస్తుంది. దాని వేగానికి నడుము తిప్పడం అలవాటైతే కోస్టర్ కష్టం కాదు. కాళ్ళు చివరలో ఆగాల్సిన వైపుకు పెట్టి, నడుము పైభాగాన్ని బండి వచ్చే వైపుకు తిప్పుకోండి. బండి వచ్చినకొద్దీ నడుము తనంతట విప్పుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. బటన్ నొక్కిన తరువాత కూడా తిప్పడం ఆపకండి. చాలామంది చేసే తప్పు అదే. నేలపట్టు దాకా వెళ్ళలేనివాళ్ళు ఊళ్ళో తిరునాళ్ళకు రంగులరాట్నం పెట్టినప్పుడు ఒక గంట దాని ముందు నిలబడి సాధన చేయవచ్చు. గుర్రం మీద కూర్చున్న ఒకే పిల్లవాడిని పదిసార్లు పట్టుకోండి.

నిలువు మెలికను తీసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. అది గుండ్రం కాదు, తలకిందులుగా ఉన్న నీటిబొట్టు ఆకారం. 1895లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో నిజంగా గుండ్రటి మెలిక కట్టారు. బండి అందులోకి దూరగానే ఒక్కసారి పడే బరువుకు జనం మెడలు పట్టేసేవి. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో వెర్నర్ స్టెంగెల్ అనే ఇంజినీరు లెక్కలతో, కింద వంపు విశాలంగా, పైన వంపు బిగువుగా ఉండే మెలిక వచ్చింది. ఈనాటి నిలువు మెలికలు దాదాపు అన్నీ ఆ దారిలోవే. అందుకే దీన్ని పక్క నుంచి, నిలువుగా పట్టిన కెమెరాతో, కింది విశాలమైన వంపు కూడా కనిపించేలా తీయండి. పై భాగం ఒక్కటే తీస్తే ఆ ఆకారంలోని తెలివి పోతుంది.

చక్రాలను కూడా ఒక ఫోటో తీయండి. బండి స్టేషనులో ఆగి ఉన్నప్పుడు వరుసలోంచే కనిపిస్తాయి. గుండ్రటి గొట్టంలాంటి పట్టాను మూడు రకాల చక్రాలు పట్టుకుని ఉంటాయి. పైన బరువు మోసేవి, పక్కన తోవ తప్పనివ్వనివి, అడుగున పైకి లేవనివ్వనివి. ఆ అడుగు చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంటు తీసుకున్నారు. దగ్గరగా చూస్తే పట్టా మీద చక్రం నడిచిన చోట రంగు పోయి లోహం అద్దంలా మెరుస్తుంటుంది. మిగతా చోట దుమ్ము, నూనె మరక. భయపడే పిల్లలకు నేను ముందు ఆ అడుగు చక్రాన్నే చూపిస్తాను. ఎక్కడానికి ధైర్యం మాటలతో కాదు, దాన్ని చూస్తే వస్తుంది.

ట్రైపాడ్ తేవచ్చా, పెద్ద కెమెరా తేవచ్చా అన్నది టికెట్ల దగ్గరే అడిగి తెలుసుకోండి, పార్కును బట్టి మారుతుంది. రైడ్ నడిపే కుర్రవాళ్ళతో మర్యాదగా మాట్లాడండి. "బాబూ, ఎక్కడ నిలబడితే మీకు అడ్డం కాదు?" అని అడిగితే మనం కనుక్కోలేని చోటు వాళ్ళే చూపిస్తారు. ఎక్కినవాళ్ళ ఫోటోలు అమ్మే కౌంటరు ఉంటే అక్కడి తెరలు కాసేపు చూడండి. పార్కువాళ్ళ కెమెరా పట్టా మీద ఏ చోట బిగించారో, ఆ చోటే ముఖాలు ఎక్కువగా విచ్చుకుంటాయి.

తెలియనివాళ్ళ ముఖాలు తీసినప్పుడు దిగాక వాళ్ళ దగ్గరకు వెళ్ళి చూపించండి. వద్దంటే వాళ్ళ ముందే తుడిచేయండి. పోయినసారి నా లెన్స్‌లోకి యాభై దాటిన దంపతులు వచ్చారు. మూడో వరుస. బండి వెనక్కి పైకి వెళుతున్నంతసేపు ఆయన ఎడమ చెయ్యి ఆవిడ కుడి చేతి మీద ఉంది. ఆవిడ గాజులు మణికట్టు నుంచి జారి ఆయన వేళ్ళ మీదకు వచ్చాయి. అవి కూడా ఫోటోలో పడ్డాయి. దిగాక వెతికి పట్టుకుని చూపించాను. పొదిలి వాళ్ళు, కూతురి దగ్గరకు వచ్చారట. నాది కావలి అని చెప్పగానే ఆవిడ ముఖం వికసించింది. ఫోటోను ఆయన ఫోనుకు పంపించాను. ఆవిడ తెరను వేళ్ళతో పెద్దది చేసి తన ముఖం చూసుకుని, "కళ్ళు మూసుకున్నానే! తెరిచి ఉన్నది ఇంకొకటి లేదా అమ్మా?" అని అడిగారు.

"లేదక్కా. మీరు ఇంకోసారి ఎక్కితే తీస్తాను. పైన మోత ఆగగానే లెక్కపెట్టండి. మూడు అన్నప్పుడు కళ్ళు తెరిచి నేరుగా ఇటు చూడండి, నేను ఈ చెట్టు పక్కనే ఉంటాను" అన్నాను.

ఆయన ఏదో అనబోయేలోపే ఆవిడ గాజులు పైకి తోసుకుని వరుస వైపు నడిచారు. నేను చెట్టు పక్కకు వెళ్ళి ఫోకస్ సరిచూసుకున్నాను.